విషపు లోహానికి ముకుతాడు!

పీలిస్తే ఊపిరితిత్తులకు ముప్పు. ఆవిరి తగిలితే కళ్లకు ముప్పు. పైగా భూమ్మీద అతి అరుదు. అలాంటి ఆస్మియాన్ని కట్టిపడేసి, మందుల తయారీకి పనికొచ్చేలా మలిచిన కథలో మన హైదరాబాద్ శాస్త్రవేత్తలకూ చోటుంది. ఇవాళ ఎంతోమంది షుగరు రోగుల జబ్బ మీద కూర్చుని పనిచేస్తున్నదీ ఆ లోహమే!

ఈపూరు. పల్నాడు జిల్లా వినుకొండ నియోజకవర్గంలో ఓ మండల కేంద్రం. మిర్చీ, పత్తీ పండించే ఓ రైతు ఇంటి వసారా ఊహించుకోండి. ఓ మూల యూరియా బస్తాలు. గూట్లో తాతయ్య గుండె మాత్రల డబ్బా. ఆయన జబ్బకు రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా, తెల్లగా అంటించి ఉన్న షుగరు సెన్సర్. పక్కనే మంచం మీద ఇంటర్ రెండో సంవత్సరం కెమిస్ట్రీ పుస్తకంతో మనవరాలు.

‘తాతయ్యా, ఆ బస్తాకీ నీ మాత్రకీ నీ జబ్బ మీద బిళ్లకీ చుట్టరికం ఉంది, తెలుసా?’ అందనుకోండి ఆ అమ్మాయి.

‘యూరియాకీ నా షుగరుకీ చుట్టరికమేందమ్మా!’ అని ఆయన నవ్వేస్తాడు.

కానీ ఉంది. ఆ చుట్టం పేరు ఆస్మియం. అలాగని బస్తాలోనో మాత్రలోనో దాన్ని వెతకొద్దు, దొరకదు. యూరియా వెనకున్న కథలో తొలి తలుపు తెరిచి తప్పుకుంది. గుండె మాత్రలో ఉండే మందును తయారుచేసే దారుల్లో ఒకదాన్ని హైదరాబాద్ ప్రయోగశాలలో చూపించి పక్కకు జరిగింది. జబ్బ మీది కొన్నిరకాల సెన్సర్లలో మాత్రం ఇంకా కూర్చునే ఉంది. మూడుచోట్లా పని వేరు. కానీ ఆ పనులన్నిటినీ నడిపించిన ప్రశ్న ఒక్కటే... ఇంత ఖరీదైన, ఇంత ప్రమాదకరమైన లోహాన్ని అదుపులో పెట్టుకుని వాడుకోవడం ఎలా?

వాసనే పేరైంది

1803లో లండన్‌లో స్మిత్సన్ టెనాంట్ అనే రసాయన శాస్త్రవేత్త ప్లాటినం ముడిలోహాన్ని ఆక్వారీజియాలో కరిగిస్తున్నాడు. బంగారాన్ని సైతం కరిగించే ఆమ్లాల మిశ్రమం అది. అయినా గిన్నె అడుగున నల్లటి మడ్డి మిగిలింది. అప్పటిదాకా అందరూ పారబోసిన ఆ మడ్డిని అతను పట్టించుకున్నాడు. అందులోంచి ఏకంగా రెండు కొత్త లోహాలు బయటపడ్డాయి. ఒకటి ఇరిడియం, రెండోది ఆస్మియం. రెండో దాన్నుంచి వచ్చే ఆవిరికి ఘాటైన వాసన ఉండటంతో, గ్రీకు భాషలో వాసన అనే అర్థం వచ్చే మాటతో దానికి ఆ పేరు పెట్టాడు.

ప్రకృతిలో దొరికే మూలకాలన్నిటిలో సాంద్రత ఎక్కువ ఆస్మియానిదే. ఘన సెంటీమీటరు ముక్క బరువు 22.59 గ్రాములు. సీసం కన్నా రెట్టింపు! రెండు లీటర్ల నీళ్ల సీసా నిండా ఆస్మియం పోశామనుకోండి... అది దాదాపు ఓ 45 కిలోల యూరియా బస్తా అంత బరువు తూగుతుంది. కరగాలంటే మూడు వేల డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఈ మొండితనం వల్లే ఒకప్పుడు ఆస్మియం, ఇరిడియం కలిసిన మిశ్రమ లోహాన్ని ఫౌంటెన్ పెన్ను పాళీల కొసలకు వాడేవారు. ఎంత రాసినా అరిగేది కాదు. కరెంటు బల్బుల తొలిరోజుల్లో ఆస్మియం తీగతో దీపాలూ వెలిగించారు. ‘ఆస్రమ్’ బల్బుల పేరులో మొదటి సగం ఈ ఆస్మియానిదే, మిగతా సగం టంగ్‌స్టన్‌కు ఇంకో పేరైన వోల్‌ఫ్రమ్‌ది.

ముద్దగా ఉన్నంతసేపూ ఆస్మియం సాధువే. పొడి చేసి గాలి తగలనిస్తేనే చిక్కు. నెమ్మదిగా ఆక్సిజన్‌తో కలిసి ఆస్మియం టెట్రాక్సైడ్‌గా మారుతుంది. ఒక ఆస్మియం పరమాణువు, నాలుగు ఆక్సిజన్లు. చూడటానికి లేత పసుపు స్ఫటికాలు. 40 డిగ్రీలకే కరిగిపోతాయి. అంటే మన పల్నాడు మే నెల ఎండ చాలు! కరగకుండానే ఆవిరవుతాయి కూడా. టెనాంట్ ముక్కుకు తగిలింది ఆ ఆవిరే. అది కంటి పొరను దెబ్బతీస్తుంది, ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం మీదికి తెస్తుంది. పనిచేసే చోట గాలిలో ఘనపు మీటరుకు 0.002 మిల్లీగ్రాములకు మించి ఆస్మియం ఉండకూడదన్నది అమెరికా కార్మిక భద్రతా నిబంధన. మిల్లీగ్రామును అయిదొందల పాళ్లు చేస్తే అందులో ఒక్క పాలు!

అందుకే దీన్ని మూతి అతికించిన చిన్న గాజు గొట్టాల్లో, గ్రాము, అరగ్రాము లెక్కన అమ్ముతారు. గాలి లాగేసే యంత్రం కింద, చేతికి తొడుగు, కంటికి అద్దాలు లేనిదే ఎవరూ ఆ గొట్టాన్ని తెరవరు.

యూరియాకు తొలి మెట్టు

ఇంత ప్రమాదకారిని ఎందుకు ముట్టుకోవాలి? ఎందుకంటే చాలా లోహాలకు చేతకాని పనులు దీనికి చేతనవుతాయి.

గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రోజనే. మొక్కకు కావాల్సిందీ నైట్రోజనే. కానీ గాలిలో ఉన్నది ఉన్నట్టుగా పైరుకు ఎక్కదు. దాన్ని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియాగా మారిస్తే ఎరువు తయారు చేయొచ్చు. జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ ఏళ్ల తరబడి ఇదే పట్టుదలతో ఉన్నాడు. చివరికి 1909 జులై 2న బీఏఎస్ఎఫ్ కంపెనీ నిపుణుల కళ్లముందే, అధిక పీడనంలో, ద్రవ అమ్మోనియాను చుక్కలు చుక్కలుగా రాల్చి చూపించాడు. ఆ రోజు గొట్టంలో ఉత్ప్రేరకంగా పనిచేసింది ఆస్మియం. తాను ఖర్చు కాకుండా, రసాయన చర్యను వేగంగా నడిపించేదాన్నే ఉత్ప్రేరకం అంటారు.

బీఏఎస్ఎఫ్ వెంటనే దొరికినంత ఆస్మియాన్ని కొనిపెట్టింది. అయితే ప్రపంచంలో ఉన్నదంతా పోగేసినా ఒక పరిశ్రమకు సరిపోదు. ఆ కంపెనీలోనే ఆల్విన్ మిటాష్ వేల ప్రయోగాలు చేసి, ఇనుముతో అదే పని చేయించే దారి కనిపెట్టాడు. 1913లో ఒప్పావు అనే చోట కర్మాగారం మొదలైంది. ఇప్పుడు ఈపూరు చేలో చల్లే యూరియాలోని నైట్రోజన్ కూడా ఇనుము ఉత్ప్రేరకం మీదుగా వచ్చిందే. అలా ఆస్మియం దారి చూపించి తప్పుకుంది.

కారణం రెండే రెండు మాటలు... అరుదు, ప్రమాదం. తర్వాతి వందేళ్లూ ఆస్మియాన్ని వెంటాడిన మాటలు ఇవే.

ఆరు చేతుల పట్టు

ఇక్కడ మనవరాలి పాఠ్యపుస్తకంలోని ‘సమన్వయ సమ్మేళనాలు’ పాఠం అక్కరకొస్తుంది. ఇంటర్ పిల్లలు పరీక్షల కోసం బట్టీ పట్టే అధ్యాయం. విషయం మాత్రం తేలికే. మధ్యలో ఒక లోహ పరమాణువు. దాని చుట్టూ కొన్ని అణువులో, అయాన్లో చేరి తమ ఎలక్ట్రాన్ల జంటలను అందిస్తూ పట్టుకుంటాయి. వాటినే లైగాండ్లు అంటారు. రచ్చబండ మీద పెద్దమనిషి చుట్టూ నలుగురో ఆరుగురో కూర్చున్నట్టన్నమాట. ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టి పెద్దమనిషి మాట తీరు మారినట్టే, లైగాండ్లను బట్టి లోహం స్వభావం మారిపోతుంది. ఈ లెక్కంతా 1893లో తేల్చిన ఆల్‌ఫ్రెడ్ వెర్నర్‌కు 1913లో నోబెల్ దక్కింది.

పొటాషియం ఆస్మేట్ అలాంటిదే. మధ్యలో ఆస్మియం. పైన ఒక ఆక్సిజన్, కింద ఒక ఆక్సిజన్. నడుం చుట్టూ నాలుగు హైడ్రాక్సిల్ సమూహాలు. మొత్తం ఆరు చేతుల పట్టు. వంగపండు రంగులో ఉండే ఈ పొడి టెట్రాక్సైడ్‌లా ఆవిరై ముక్కులోకి రాదు. కాబట్టి తూచుకోవడం, దాచుకోవడం సులువు. విషగుణం పోయిందని కాదు, కాస్త మాట వింటుందంతే. ఆస్మియం రసాయనంలో ఇది మొదటి ముకుతాడు.

కుడిచేతి మందు... ఎడమచేతి మందు

మీ రెండు చేతులూ ముందు పెట్టి చూడండి. వేళ్లు అవే, ఎముకలు అవే. కానీ కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టదు. అద్దంలో బింబంలా ఉంటాయే తప్ప ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. చాలా అణువులూ అంతే. కుడి రూపం ఒకటి, ఎడమ రూపం ఒకటి.

తేడా ఏముంటుందంటారా? బిర్యానీ గిన్నె దగ్గరికి వెళ్లండి. పుదీనా వాసనకు ముఖ్య కారణం కార్వోన్ అనే అణువు. మనం షాజీరా అని వాడేదానికి దగ్గర చుట్టమైన కారవే గింజల వాసనకూ కారణం కార్వోనే! ఒకటి ఆ అణువుకు కుడి రూపం, ఇంకొకటి ఎడమ రూపం. మన ముక్కు ఆ తేడాను ఇట్టే పసిగడుతుంది.

ముక్కే పట్టేస్తే ఒళ్లు పట్టదా? మందుల విషయంలో ఇదే కీలకం. తాతయ్య డబ్బాలోని డిల్టియాజెం మాత్రనే తీసుకోండి. గుండెనొప్పికీ అధిక రక్తపోటుకూ డాక్టర్లు రాసే మందుల్లో అదొకటి. ఆ అణువు నిర్మాణంలో కుడిఎడమల చోట్లు రెండున్నాయి. కాబట్టి మొత్తం నాలుగు రూపాలు సాధ్యం. మందుగా వాడేది వాటిలో ఒక్కటే. మామూలుగా తయారుచేస్తే కుడీ ఎడమా కలగలిసి వస్తాయి. అక్కర్లేనిదాన్ని ఏరి పారేయాలి. అంటే ముడిసరుకు దండగ, శ్రమ దండగ, పైగా వ్యర్థాలు.

కావాల్సిన చేతినే తయారుచేసే ఉపాయం చెప్పినవాళ్లలో ఒకరు అమెరికా శాస్త్రవేత్త బారీ షార్ప్‌లెస్. ఆయన 1970లో ఓ ప్రయోగశాల ప్రమాదంలో ఒక కన్ను పోగొట్టుకున్నారు. అది ఆస్మియం వల్ల జరిగింది కాదు, గడ్డకట్టించిన గాజు గొట్టం పేలి జరిగింది. అలాంటి మనిషి కళ్లకు శత్రువైన ఆస్మియాన్నే చేతిలోకి తీసుకున్నారు.

కార్బన్ల మధ్య ద్విబంధం ఉన్న అణువు కనిపిస్తే ఆస్మియం టెట్రాక్సైడ్ దాని మీద వాలిపోతుంది. ద్విబంధం రెండు కొసలకూ చెరో హైడ్రాక్సిల్ సమూహం తగిలించి పక్కకు తప్పుకుంటుంది. రెండూ ఒకే వైపు నుంచి అతుక్కుంటాయి. ఈ సంగతి చాలాకాలంగా తెలిసిందే. కానీ ఏ వైపు నుంచి వాలుతుందో చెప్పలేం. సగం అటు, సగం ఇటు. షార్ప్‌లెస్ ఏం చేశారంటే, సింకోనా చెట్టు బెరడు నుంచి వచ్చే పదార్థాలను లైగాండ్లుగా ఆస్మియానికి తగిలించారు. పూర్వం మలేరియా జ్వరానికి మింగిన చేదు క్వినైన్ జాతే అది. ప్రకృతి తయారుచేసిన ఆ అణువులకు సొంతంగా కుడిఎడమలున్నాయి. అవి పక్కన చేరి ఒక వైపు దారి మూసేస్తే, ఆస్మియం రెండో వైపు నుంచే వాలక తప్పదు. లైగాండ్ మారిస్తే వైపు మారుతుంది.

1980లో తొలిసారి ఇది సాధ్యమని చూపారు. అప్పటికి ఆస్మియం చాలా ఎక్కువ పట్టేది. 1988 నాటికి కొద్దిపాటి ఆస్మియాన్నే మళ్లీమళ్లీ పనిలోకి దించే పద్ధతి దొరికింది. పని ముగించి అలసిన ఆస్మియానికి తిరిగి ఆక్సిజన్ అందించే చవకైన పదార్థం పక్కన ఉంటే చాలు. ముడిసరుకు అణువులు వెయ్యి ఉంటే రెండో నాలుగో ఆస్మియం పరమాణువులతో కథ నడిచిపోతుంది. ఇలాంటి ఆక్సీకరణ చర్యల మీద చేసిన కృషికి షార్ప్‌లెస్‌కు 2001లో నోబెల్ వచ్చింది. 2022లో వేరే పరిశోధనకు ఆయనే రెండోసారి నోబెల్ అందుకున్నారు.

తార్నాకలో తెగిన చిక్కుముడి

ఇంత గొప్ప పద్ధతి దొరికినా మందుల కంపెనీలు ఆస్మియం దగ్గరికి రావడానికి జంకాయి. పని పూర్తయ్యాక ఆస్మియం ఆ ద్రావణంలోనే కరిగి ఉంటుంది. వెయ్యికి రెండే అయినా, దాన్ని బయటికి తీయడం కష్టం. తీయకపోతే రెండు నష్టాలు. ఖరీదైన లోహం మురుగులో పోతుంది. అంతకన్నా ముఖ్యం, మందులో దాని జాడ మిగిలిపోవచ్చు. నోటితో మింగే మందుల ద్వారా మనిషికి రోజుకు 100 మైక్రోగ్రాములకు మించి ఆస్మియం చేరకూడదని 2014లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంజెక్షన్ అయితే అందులో పదో వంతే.

హైదరాబాద్‌లో తార్నాక దగ్గర ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అదే ఐఐసీటీ, పట్టుకున్నది ఈ చిక్కుముడినే. 1944లో నిజాం హయాంలో పారిశ్రామిక పరిశోధనశాలగా మొదలై, 1956లో రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీగా మారి, 1989లో ఇప్పటి పేరు పెట్టుకున్న సంస్థ అది. మందుల కంపెనీలకు పుట్టినిల్లుగా మారిన నగరంలో, వాటి వ్యర్థాల వల్ల పటాన్‌చెరు పరిసరాల చెరువులు పడ్డ పాట్లన్నీ చూసిన నగరంలో, ఇది కేవలం సైన్సు ముచ్చట కాదు.

అక్కడ బి.ఎం.చౌదరి, ఎం.లక్ష్మీకాంతం బృందం ఒక ఆలోచన చేసింది. పొటాషియం ఆస్మేట్‌లో ఆస్మియం ఉన్న భాగానికి ఋణావేశం ఉంటుంది. దాన్ని ధనావేశం ఉన్న ఏదైనా ఘనపదార్థానికి తగిలిస్తే? అయస్కాంతానికి మేకులా అంటిపెట్టుకుని ఉండిపోదూ!

అందుకు వాళ్లు ఎంచుకున్నవాటిలో ఒకటి మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్ల పొరల పదార్థం. ఛాతీలో మంటకు వాడే కొన్నిరకాల మందుల్లో ఉండే హైడ్రోటాల్‌సైట్ దీని జాతిదే. దీని నిర్మాణం మన తాపేశ్వరం మడతకాజాను గుర్తుకు తెస్తుంది. పొర మీద పొర, పొరల నడుమ పాకం. ఇక్కడ పొరలకు ధనావేశం, నడుమ చేరే అయాన్లకు ఋణావేశం. ఆ అయాన్లు వదులుగా ఉంటాయి కాబట్టి ఒకదాన్ని తప్పించి ఇంకొకదాన్ని చేర్చొచ్చు. ఆస్మేట్ ద్రావణంలో ఈ పొడిని కలిపితే, పాతవి తప్పుకుని ఆస్మేట్ వచ్చి పట్టుకుంటుంది. దీన్నే అయాన్ మార్పిడి అంటారు. ఇళ్లలో నీటి కాఠిన్యం తగ్గించే పరికరాల్లో రెజిన్ గుళికలు చేసేదీ అయాన్ మార్పిడే.

షార్ప్‌లెస్‌కు నోబెల్ ప్రకటించిన 2001లోనే ఈ బృందం తన ఫలితాలను అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో వెల్లడించింది. 2002లో అదే పత్రికలో మరింత వివరంగా రాసింది. అప్పటికే జపాన్‌లో షు కొబయాషి బృందం ఆస్మియాన్ని పాలిమర్ పొరలో చుట్టి ఉంచే పద్ధతిని చూపింది. హైదరాబాద్ వాళ్లది వేరే దారి. చుట్టిపెట్టడం కాదు, ఆవేశాల ఆకర్షణతో కట్టేయడం.

అయితే మొదటి దెబ్బకే అన్నీ కుదరలేదు. ఆస్మియానికి తిరిగి శక్తినిచ్చేందుకు కొన్ని పదార్థాలు వాడితే, వాటి అయాన్లే పొరల మీద చోటు కోసం పోటీకి వచ్చి ఆస్మియాన్ని తోసేసేవి. అద్దెకున్నవాణ్ని కొత్తవాడు వెళ్లగొట్టినట్టు! దాంతో పొరల పదార్థంతో పాటు రెజిన్ మీద, సిలికా మీద కూడా ఆస్మియాన్ని కట్టి చూశారు. రెజిన్ మీద కట్టింది ఏ పదార్థం తోడిచ్చినా నిలిచింది. పని పూర్తయ్యాక వడపోస్తే చాలు, ఉత్ప్రేరకం మొత్తం జల్లెడలో బియ్యంలా పైన మిగిలింది. దాన్ని కడిగి మళ్లీ వాడారు. మళ్లీ పనిచేసింది.

ఇంకో లాభమూ కనిపించింది. ద్రావణంలో కరిగిన ఆస్మియానికైతే ఖరీదైన సింకోనా లైగాండ్ అవసరానికి మించి పోయాలి. కట్టేసిన ఆస్మియానికి సమానంగా పోస్తే సరిపోయింది. లక్ష్మీకాంతం ఆ తర్వాత అదే సంస్థకు డైరెక్టర్‌గానూ పనిచేశారు.

చేయి మారే తట్టలు

ఐఐసీటీ బృందం అక్కడితో ఆగలేదు. ఒకే పొరల పదార్థం మీద పల్లాడియం, ఆస్మియం, టంగ్‌స్టన్ మూడింటినీ కలిపి కట్టింది. 2001లోనే ప్రకటించిన ఈ ఉత్ప్రేరకం తీరు చూడముచ్చటగా ఉంటుంది. పల్లాడియం రెండు చిన్న అణువులను అతికి, ద్విబంధం ఉన్న అణువును తయారుచేస్తుంది. దాని మీద ఆస్మియం వాలి రెండు హైడ్రాక్సిల్ సమూహాలు తగిలిస్తుంది. ఈలోగా టంగ్‌స్టన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ నుంచి ఆక్సిజన్ తీసుకుని మధ్యవర్తి అణువు చేతికిస్తే, అది ఆస్మియానికి అందిస్తుంది. బావి పూడిక తీసేటప్పుడు వరసగా నిలబడ్డ కూలీల మధ్య తట్టలు చేతులు మారినట్టు! పెరాక్సైడ్ చివరికి నీళ్లుగా మిగులుతుంది.

మామూలుగా మూడు గిన్నెల్లో, మూడుసార్లు శుద్ధి చేస్తూ సాగే పని ఒకే గిన్నెలో అయిపోయిందన్నమాట. 2003లో ఈ పద్ధతితోనే డిల్టియాజెంకూ, ట్యాక్సాల్ పక్కగొలుసుకూ దారి చూపారు. ట్యాక్సాల్ అంటే యూ అనే చెట్టు బెరడులో తొలుత దొరికిన క్యాన్సర్ మందు. అండాశయ క్యాన్సర్‌కు 1992లో అమెరికాలో అనుమతి పొందింది. బెరడు కోసం చెట్లు కొట్టుకుంటూపోతే అడవే మిగలదు. అందుకే ఆ చెట్టు జాతి ఆకుల నుంచి అణువులోని పెద్ద భాగం తీసుకుని, పక్కగొలుసును విడిగా తయారుచేసి అతికించే పద్ధతి వచ్చింది. ఆ గొలుసు లేకపోతే మందు పనిచేయదు, గొలుసు కుడిఎడమలు తప్పినా లాభం లేదు. ఆస్మియం లాంటి ఉత్ప్రేరకాల విలువ తెలిసేది ఇక్కడే.

పెద్ద కర్మాగారాలు ఇప్పటికీ ఆస్మియాన్ని ఆచితూచే వాడతాయి. డిల్టియాజెం తయారీకి వేరే పద్ధతులూ ఉన్నాయి. కానీ లోహాన్ని గట్టి పదార్థానికి కట్టి, పని చేయించుకుని, వడపోసి దాచుకునే ఆలోచన ఆస్మియంతో ఆగేది కాదు. ఖరీదైన ఏ లోహ ఉత్ప్రేరకానికైనా అది పనికొచ్చే పాఠం.

జబ్బ మీద ఆస్మియం

ఇక తాతయ్య సెన్సర్ సంగతి. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆడమ్ హెల్లర్‌ది ఈ ఆలోచన. నాజీల మారణకాండ నుంచి చిన్నతనంలో బతికి బయటపడ్డ మనిషాయన.

ఒంట్లోని గ్లూకోజును కొలవడానికి గ్లూకోజ్ ఆక్సిడేజ్ లాంటి ఎంజైమును వాడతారు. అది గ్లూకోజు నుంచి ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహపు తీగను చేరితే కరెంటు పుడుతుంది. కరెంటెంతో లెక్కిస్తే చక్కెరెంతో తెలుస్తుంది. ఇబ్బందేమిటంటే ఎంజైములో ఆ పని జరిగే చోటు బాగా లోపల ఉంటుంది. లోతు బావిలో నీళ్లున్నాయి, గట్టున మనమున్నాం, చేద లేదు.

ఆస్మియం సమన్వయ సమ్మేళనమే ఆ చేద. మధ్యలో ఆస్మియం, చుట్టూ ఆరు నైట్రోజన్ పరమాణువుల పట్టు. ఆస్మియం ఒక ఎలక్ట్రాన్ తీసుకుంటుంది, పక్క ఆస్మియానికి అందిస్తుంది, మళ్లీ ఖాళీ చేతులతో సిద్ధమవుతుంది. ఎన్నిసార్లు ఇచ్చిపుచ్చుకున్నా విరగదు. ఈ సమ్మేళనాలను పొడవాటి పాలిమర్ గొలుసుకు గుచ్చి, ఆ గొలుసుతో ఎంజైమును తీగకు కలిపేశారు హెల్లర్. గొలుసుకు కట్టేసి ఉంది కాబట్టి ఆస్మియం ఒంట్లోకి జారిపోదు.

హెల్లర్, ఆయన కుమారుడు కలిసి 1996లో మొదలుపెట్టిన కంపెనీని 2004లో అబాట్ సంస్థ కొనుక్కుంది. 2014లో యూరప్‌లో విడుదలైన ‘ఫ్రీస్టైల్ లిబ్రె’ సెన్సర్‌లో ఉన్నది ఈ ఆస్మియం తీగల పద్ధతే. సన్నని పోగు ఒకటి చర్మం కిందికి వెళుతుంది. తొలి రకం సెన్సర్ పద్నాలుగు రోజులు జబ్బ మీదే ఉండి, కణాల మధ్య ద్రవంలో గ్లూకోజు ఎంతుందో చెబుతుంది. రోజుకు నాలుగుసార్లు వేళ్లు గుచ్చుకునేవాళ్లకు అదెంత ఊరటో వాళ్లకే తెలుస్తుంది. అయితే సెన్సర్లన్నిటిలోనూ, స్ట్రిప్పులన్నిటిలోనూ ఆస్మియమే ఉంటుందనుకోవద్దు. వేరే పదార్థాలతో పనిచేసేవీ చాలా ఉన్నాయి. ఏది వాడాలో డాక్టర్ చెప్పాల్సిందే.

ఒలికితే... వంటనూనె!

ప్రయోగశాలలో ఆస్మియం టెట్రాక్సైడ్ ద్రావణం ఒలికితే విరుగుడుగా ఏం పోస్తారో తెలుసా? మొక్కజొన్న నూనె. నూనెలోని కొవ్వుల్లో ద్విబంధాలు ఎక్కువ. ఆస్మియం వాటి మీద వాలి, అక్కడే చిక్కుకుని నల్లబడిపోతుంది. మందు తయారుచేసే గుణమూ, విరుగుడుకు లొంగే గుణమూ ఒక్కటే!

సరిగ్గా ఈ గుణంతోనే జీవశాస్త్రవేత్తలు కణం లోపలికి చూడగలిగారు. కణాల పొరల్లో కొవ్వులుంటాయి. వాటికి ఆస్మియం పట్టిస్తే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆ పొరలు గీతల్లా నల్లగా తేలతాయి. 1952లో జార్జ్ పలాడే ఈ పద్ధతిని చక్కదిద్దారు. కణ నిర్మాణం మీద చేసిన కృషికి 1974 నోబెల్‌లో ఆయనకు భాగం దక్కింది. బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయంలో ఆస్మియం సమ్మేళనాలను క్యాన్సర్ కణాల మీదా పరీక్షిస్తున్నారు. అవింకా పరిశోధన దశ దాటలేదు.

ముకుతాడు విలువ

మళ్లీ ఈపూరు వసారాకు వద్దాం. మనవరాలు చెప్పిందంతా విన్న తాతయ్య ఏమంటాడు? జీవితమంతా సేద్యం చేసిన మనిషికి ఇందులో కొత్త ఏమీ కనపడకపోవచ్చు.

‘పొగరుబోతు కోడెను సంతలో వదిలేస్తే మనుషుల్ని పొడుస్తది. ముకుతాడేసి కాడికి కడితే ఎకరాలు దున్నుద్ది. అంతేగదమ్మా!’

అంతే. ఆ కోడె పేరు ఆస్మియం. తాళ్లు వేరు వేరు... ఒకచోట సింకోనా బెరడు, ఒకచోట మడతకాజా లాంటి పొరలు, ఇంకోచోట పాలిమర్ గొలుసు. తాడు పేనినవాళ్లలో తార్నాక వాళ్లూ ఉన్నారు. రేపు ఇంకో తాడు పేనే చెయ్యి, పుస్తకం ముందేసుకుని సమన్వయ సమ్మేళనాల పాఠం చదువుతున్న ఏ ఈపూరు అమ్మాయిదో కావచ్చు.